బర్ల పొడి

బహదూర్‌పురల మాది పాలమ్మేటోళ్ల ఇల్లు. కొట్టంల బర్లు, పక్కనే మేము. నేను చిన్న కోడల్ని. మా దిక్కు మరదలు బావకు, అంటే మొగుని అన్నకు, ఎదురుంగ మాట్లాడొద్దు. ఏమన్నుంటే అత్తకు చెప్పాలె. గీ సంగతి ముందుగాల చెప్పకుంటే మీకు సమజ్ కాదని రాస్తున్న.

ఆ యేడు, డెబ్బైలల్ల, మా గల్లీల కుక్కపిల్లలు ముక్కులు కారుకుంట, వణుక్కుంట చచ్చిపోయినయి. ఒక్క నల్లపిల్ల మిగిలింది. సంకల వేసుకొని పశువుల దవాఖానకు పోయిన. డాక్టరు సాబ్ కడుపుల పురుగులకు మందు తాపిండు.

"వారమైనంక తీస్కరా, రోగం రాకుంట సూది వేస్త. నెత్తురు తాగే గోమార్లను చేత్తోటి ఏరు. ఒంటికి ఏం పుయ్యకు, నాకి చస్తది," అన్నడు.

ఇంటికొచ్చి ఆయన చెప్పిందంత అత్తకు చెప్పిన, బావకు వినవడేటట్టు గట్టిగనే. బావ ఆడనే మంచం మీద బీడీ తాగుతుండు.

"కుక్కకు సూదట! లగ్గం గూడ చెయ్యమనరాదే అమ్మా," అన్నడు.

సూదికి పోయే పొద్దు నీళ్లు తెచ్చేసరికి పిల్ల తెల్లగైంది. బర్ల గోమార్లకు చల్లే పొడి ఒళ్లంత రుద్దిండు బావ. నోట్ల నురుగు, కాళ్లు కొట్టుకుంటున్నది.

"బర్లకేం కాలే, దీనికేమైతది? నాకెవ్వలన్న వద్దని చెప్పిండ్రా?" అన్నడు అత్తతోటి.

మొకం మీదనే అడిగిన. "చెవుల్ల పెండ పెట్టుకున్నవా బావా? విన్నవ్. వినే చేసినవ్."

"బావనే గట్లంటవా, సిగ్గులేనిదానా!" అని అత్త లొల్లి.

సబ్బుతోటి కడిగి దవాఖానకు ఉరికిన. పానం దక్కింది. కని డాక్టరు సాబ్ సూది వెయ్యలే. నీరసం మీద వేస్తే పట్టదట, కోలుకోవాల్నట. గల్లీలనేమో రోగం తిరుగుతున్నది. పిల్లను నా అర్రల పెట్టి గొళ్లెం వేసిన. వీధి చెప్పులు గూడ లోపటికి రానియ్యలే. గోమార్లు ఏరి గ్యాసునూనెల వేసిన. నా ఇంటాయన నవ్వితే ఆయన మీద గూడ ఒర్రిన.

పిల్ల మల్ల మంచిగ తినవట్టినంక సూది పడ్డది. తీస్కవస్తుంటే బావ కొట్టం కాడ నిలవడ్డడు.

"ఇగ చావదంటవా?"

"నీ చేతికి దొరకకుంటే చావదు," అన్న.