అంకుల్ సొరుగులో నాన్న ఫోటో

మొన్న ఇక్కడ టకానిని అనే శివారులో ఒక పాత బీరువా కొన్నాను. సొరుగు లాగగానే నాఫ్తలిన్ ఉండల వాసన కొట్టింది. మా నాన్న వంట చేసిన రెస్టారెంట్ యజమాని ఇల్లు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. బడిలో నాకు ఎక్కిన పాఠాలు తక్కువే. వాటిలో ఒకటి, మేం వలస వచ్చిన ఈ దేశంలో అందరూ స్వతంత్రులేనని. నాన్న పాస్‌పోర్ట్ మాత్రం ఆ యజమాని అంకుల్ దగ్గరుండేది. వేరేచోట పని దొరికింది, వీసా మార్చుకోవాలి, ఇవ్వండని నాన్న అడిగినప్పుడల్లా ఆయన నవ్వేవాడు.

"నా దగ్గరుంటే భద్రం కదయ్యా. నీకెందుకు తొందర?"

నాకు అనుమానం వచ్చింది. నాన్న ఫోటో పీకేసి, తన బట్టతల ఫోటో అంటించుకుని ఊళ్ళు తిరిగొస్తున్నాడేమో. ఆయన ఏటా ఇండియా వెళ్ళేవాడు మరి.

అంకుల్ కూతురి పుట్టినరోజున అందరూ కేకు చుట్టూ మూగినప్పుడు నేను పడకగదిలో దూరాను. సొరుగులో రబ్బరు బ్యాండు వేసిన ఐదు పాస్‌పోర్టులున్నాయి. అన్నీ రెస్టారెంట్‌లో పనిచేసేవాళ్ళవే. నాన్న ఫోటోని గోటితో గీకి చూశాను. ఊడలేదు.

కారెక్కగానే చెప్పాను. "నాన్నా, నీ ఫోటో అట్లాగే ఉంది. అంకుల్ మంచోడే."

నాన్న కారు స్టార్ట్ చేయబోయి ఆగాడు. "పాస్‌పోర్ట్ చేతిలోకి తీసుకున్నావా?"

"తీసుకున్నా. మళ్ళీ అక్కడే పెట్టేశా. నేనేమన్నా దొంగనా?"

అమ్మ తల తిప్పుకుని కిటికీలోంచి చూసింది.

"మంచి పని చేశావమ్మా" అన్నాడు నాన్న.

మనిషిని సరిగ్గానే అనుమానించాను. నేను మోపిన నేరమే తప్పు. ఆ తర్వాత మూడేళ్ళు నాన్న అదే వంటగదిలో ఉన్నాడు. ఆ సంగతి ఎత్తి నన్ను ఒక్కసారి కూడా ఏమీ అనలేదు.