దగ్గులమ్మ దగ్గని పొద్దు

సామ్రాజ్యాలు నగారా మోతకు మేలుకునేవట. మా కొండ మాత్రం ఒక దగ్గుకు మేలుకుంటుంది. ఈ దగ్గుకు ఆద్యురాలు అత్తగారు, వారసురాలు పెద్దకోడలు. అత్తగారు పోతూపోతూ అప్పగించిన స్థిరచరాస్తులు రెండే: గొర్రెల మంద, ఈ దగ్గు. కోడలికి పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి ఉండాలి గానీ వాడకం లేక మూలపడింది. ఊరంతా దగ్గులమ్మ అనే అంటారు.

ఇది జబ్బు దగ్గు కాదు, రాజ్యాంగబద్ధమైన దగ్గు. తెల్లవారుజామున దొడ్డి తడిక తీసేముందు ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా ఉన్న బండల వైపు తిరిగి, లోయ దద్దరిల్లేలా దగ్గుతుంది. బండల్లో పొంచి ఉన్న చిరుత, ఎవరూ తరమకుండానే, తన పరువు తాను దక్కించుకుని లేచిపోతుంది. ఆ తర్వాతే గొర్రెలు బయటికొస్తాయి. ఈ ఒడంబడికను ఇరుపక్షాల్లో ఎవరూ ఉల్లంఘించిన దాఖలా లేదు.

ఈ శాంతి మీద ఆమె మరిది పర్యాటకం కట్టాడు. బండలకు కొంచెం కింద ఒక రాతి గది, దానికో సన్నటి కిటికీ, కిటికీ వెనక కెమెరాలతో అతిథులు. ఏర్పాటు మంచిదే. కింది గడ్డి అడవిమేకలకు వదిలేసి మందను పై వాలులో మేపడానికి దగ్గులమ్మ కూడా ఒప్పుకుంది. అడవిమేకలు పెరిగాయి, చిరుతకు కడుపు నిండింది, అతిథులకు కళ్ళు నిండాయి. చిక్కల్లా ఒకటే. ఫొటోకు చాలినంత వెలుతురు వచ్చేసరికి, దగ్గు విన్న చిరుత కొండ దాటేస్తోంది.

"వదినా, రేపొక్క పూట దగ్గకు. వచ్చినవాళ్ళు చాలా పెద్దవాళ్ళు" అన్నాడు మరిది.

"నా గొంతు కూడా నీ గదికి రాసిచ్చానా?"

"ఇంటి పరువు వదినా."

"ఏ పరువు? నిన్న నా పాలబిందె పట్టుకెళ్ళి వాళ్ళ బూట్లు కడిగావే, ఆ పరువా?"

చివరికి తోడికోడలు మధ్యలో దూరి బతిమాలితే ఒప్పుకుంది. ఎండెక్కేదాకా గొర్రెలు దొడ్లోనే ఉండాలన్నది షరతు.

మర్నాడు తడిక దగ్గర నోరు మూసుకుని నిలబడింది. నోరు మూసుకోవడం అలవాటు లేని మనిషి కాబట్టి చేతులు ఊరుకోక, లోపలికి పెట్టి గొర్రెల్ని ఒక్కొక్కటే తడిమింది. కుంటిది తగల్లేదు. కిందటి చలికాలం బండ మీంచి పడి కాలు విరిగితే, కర్రబద్దలు కట్టి, వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టి బతికించిన గొర్రె అది. నడకలో అందరికన్నా వెనక, మేతలో అందరికన్నా ముందు.

రాతి గది వైపు నుంచి అరుపు వినబడింది. కిటికీ ఎదుట, మేకుకు, పొట్టి తాడుతో కట్టేసి ఉంది కుంటిది.

యుద్ధాలు ఇంతకన్నా చిన్న కారణాలకే మొదలయ్యాయని చరిత్రకారులు రాశారు. దగ్గులమ్మ చెప్పుల్లేకుండా వాలు దిగింది. చిరుత అప్పటికే బండల్లోంచి బయటపడి, పొట్ట నేలకానించి కుంటిదాని వైపు జరుగుతోంది. ఆమె దగ్గింది. అత్తగారి కాలం నుంచి దాచిపెట్టిన దగ్గంతా ఒక్కసారే దగ్గింది. గదిలో ఎవరిదో కెమెరా కిందపడ్డ చప్పుడు. చిరుత ఆగి, ఆమెను ఎగాదిగా చూసి, వెనుదిరిగింది.

మరిది పరుగెత్తుకొచ్చాడు. "అంతా చెడగొట్టావు వదినా. ముసలి గొర్రె, అదీ కుంటిది. ఎన్నాళ్ళు బతుకుతుందని?"

"నీకూ మోకాళ్ళ నొప్పులున్నాయిగా. నిన్ను నువ్వే కట్టేసుకోకపోయావా?" ఆమె ముడి పట్టుకుని లాగుతోంది, అది ఊడిరావడం లేదు. "చిరుత ఇవాళ కట్టేసినదాన్ని తింటుంది. రేపు దొడ్లోకొస్తుంది. ఎల్లుండి ఊరివాళ్ళు విషం పెడతారు. అప్పుడు ఆ కిటికీలోంచి ఏం చూపిస్తావురా, నీ మొహమా?"

"అతిథులు వింటున్నారు..."

"విననీ. వాళ్ళు చూడ్డానికొచ్చింది క్రూరమృగాన్నేగా. చూశారు, ఇదిగో నువ్వు."

మరిది తల దించుకుని తానే ముడి విప్పాడు. ఆమె కుంటిదాన్ని భుజాన వేసుకుని, దొడ్డి దాకా తిడుతూనే ఎక్కింది.

ఆ మర్నాటికి ఆమె గొంతు పూర్తిగా పట్టేసింది. తడిక దగ్గర మరిదిని నిలబెట్టి, వీపు మీద ఒక్కటి చరిచింది. అతను దగ్గాడు. చిరుత ఎప్పటిలాగే లేచిపోయింది.