సిగ్నల్ పిలు, బావా!

“ఒరే సన్యాసీ, పిచ్చెక్కి కారు కొన్నావేటిరా, కారు కొన్నాక పిచ్చెక్కిందేటిరా?” అని గోవిందరావు ఒకనాడు బావమరిదిని నడివీధిలో నిలబెట్టి అడిగాడు.

సన్యాసిరావు ఏమాత్రం నొచ్చుకోలేదు. “రెండూ ఒకే పార్సిల్లో వచ్చాయి బావా,” అన్నాడు.

సన్యాసిరావుకి ఉన్నది ఒకటే జబ్బు. ఏ వస్తువునూ అది ఉన్నట్టు ఉండనివ్వలేడు. దానికి ఇంకోటి తగిలించాలి. ఆ తగిలించింది వెలిగితే మరీ మంచిది. బిలాస్‌పూర్ రైల్వేలో అతనిది ట్రైన్ లైటింగ్ సెక్షను, అంటే రైలు పెట్టెల్లో దీపాలూ ఫ్యాన్లూ బాగుచేసే పని. పగలంతా పెట్టెలకి దీపాలు పెట్టి వచ్చిన మనిషి ఇంటికొచ్చాకైనా చీకటిని దాని మానాన వదిలెయ్యొచ్చు కదా? వదలడు. అతని సైకిలుకి రెండు డైనమోలు. అతని భార్య అప్పలనర్సమ్మ చపాతీలు చేసే పీటకి ఒక బల్బు. దేవుడి గూట్లో పటం వెనక తిరిగే రంగుల చక్రం ఒకటి ఉండేది. సరిగ్గా హారతి వేళకి ఫ్యూజు పోయి క్వార్టర్సు వరసంతా చీకటయ్యేది. “భక్తి ఎక్కువైంది, లైను లోడు పట్టలేదు,” అని చెప్పేవాడు సన్యాసిరావు, చేతిలో హారతి పళ్లెంతోనే ఫ్యూజు వెతుక్కుంటూ.

అలాంటివాడి చేతిలో కాంటెస్సా కారు పడింది. తొంభైల మొదట్లో మాట. కాలనీలో స్కూటరుంటేనే పెద్దమనిషి. బొగ్గు కంపెనీ ఆఫీసరొకాయన బదిలీ మీద పోతూ పాత కారు అమ్మకానికి పెడితే, సన్యాసిరావు ప్రావిడెంట్ ఫండు లోను తీసి మరీ కొన్నాడు. పొడుగు ముక్కు, బల్లపరుపు వీపు, నిగనిగలాడే నలుపు. ఉన్నదున్నట్టు నడుపుకుంటే కాలనీ అంతా అసూయతో కుళ్లిపోయేది. “ఇది ఇస్పోర్ట్సు కారు బావా, దీనికి ఇంకా ఇస్పోర్ట్సు రావాలి,” అని సన్యాసిరావు రెంచీ పట్టుకున్నాడు.

ఆ తర్వాత వార్తలన్నీ గోవిందరావుకి భార్య నోటివెంటే తెలిసేవి. ఆమె కనకం, సన్యాసిరావుకి సొంత అక్క.

“ఏటండీ, తమ్ముడు కారుకి రెక్కలు పెట్టాడండీ.”

“రెక్కలేటే?” గోవిందరావు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

“పాత సీలింగ్ ఫ్యాన్ రెక్కలు డిక్కీ మీద బిగించాడు. స్పీడు మీద కారు గాల్లోకి లేవకుండా ఆపుతాయట.”

“ఫ్యాన్ రెక్కలు పెడితే లేవకేటి చేస్తాదే!”

మరుసటి వారం బానెట్టు మీద బోర్లించిన డాల్డా డబ్బా మొలిచింది. ఇంజనుకి గాలి తగలడానికట. ఆపైన గోడలకి వేసే వెడల్పాటి బ్రష్షుతో కారుకి ఎర్ర రంగు పడింది. బ్రష్షు వెంట్రుకలు కూడా రంగులో అతుక్కుని ఆరిపోయాయి. ఇంకో వారానికి నాలుగు చక్రాలకీ తళతళలాడే స్టీలు తొడుగులు వచ్చాయి. అప్పలనర్సమ్మ వచ్చి ఆడపడుచు దగ్గర గొల్లుమంది. “వదినా, మా కంచాలు గోల్ బజారంతా తిరిగొస్తన్నాయి, మేం ఆకుల్లో తింటన్నాం!”

అన్నిటికన్నా ఘోరం వెనక వేలాడదీసిన రేకు. పసుప్పచ్చ రేకు మీద నల్లగా ‘ఎల్ వీ’ అని రాశాడు. రైలు చివరి పెట్టెకి తగిలించే బోర్డు అది. అది కనపడితే రైలు తెగకుండా పూర్తిగా వెళ్లిందని రైల్వేవాళ్లకి లెక్క. ఒక ఆదివారం కనకాన్ని ఎక్కించుకుని మోప్కా వైపు వెళ్తుంటే, గేటు దగ్గరి ముసలి గేట్‌మాన్ కారు వెనక ఆ బోర్డు చూశాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? అటెన్షన్లో నిలబడి పచ్చజెండా ఊపాడు. కనకం అంతకంటే రైల్వే మనిషి. కిటికీలోంచి రుమాలు తీసి తిరిగి ఊపేసింది. ఇంటికొచ్చాక సంగతి చెబుతూ తలకొట్టుకుంది. గోవిందరావు మాత్రం నవ్వలేదు, హడలిపోయాడు. “రైల్వే బోర్డుతో ఆటలేటే? ఈడి ఉద్యోగం పోతాది!”

నిజానికి ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నది గోవిందరావుకే.

అతను ప్యాసింజరు బండి డ్రైవరు. బిలాస్‌పూర్ ఇంజన్ షెడ్డులో అతని గొంతుకి పేరుంది. ఇంజన్లో డ్రైవరూ అసిస్టెంటూ వచ్చే ప్రతి సిగ్నల్నీ ఎవరి కళ్లతో వాళ్లు చూసి, రంగు పైకి చెప్పుకోవాలి. దాన్నే సిగ్నల్ పిలవడం అంటారు. గోవిందరావు “హరా!” అని, అంటే పచ్చ అని, పిలిస్తే ఆ కేకకే సిగ్నలు పచ్చబడుతుందని షెడ్డులో వేళాకోళం. అయితే ఆరేడు నెలలుగా దీపాల చుట్టూ అతనికి దూది కనపడుతోంది. మసక. ఒక దీపం రెండవుతోంది. కొన్నాళ్లు అద్దం తుడిచాడు, కొన్నాళ్లు బొగ్గు దుమ్మును తిట్టాడు. ఆ తర్వాత అసిస్టెంటుని ముందు పిలవనిచ్చి, ఆ రంగునే అంతకంటే గట్టిగా తను పిలవడం మొదలెట్టాడు.

వేసవి చివర్లో కంటి పరీక్ష ఉంది. తప్పితే ఇంజను దింపేస్తారు. బండి నడిపిన దూరాన్ని బట్టి వచ్చే మైలేజీ డబ్బులు పోతాయి. అంతకుమించి ‘డ్రైవరు సాబ్’ అనే పిలుపు పోతుంది. అందుకని గోవిందరావు సొంతూళ్లో నూకాలమ్మ తల్లికి వెండి కళ్లు మొక్కుకున్నాడు. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. మనవాళ్లు అమ్మవారికి కళ్లు చేయించడానికైనా సిద్ధపడతారు గాని, తమ కళ్లు చూపించుకోమంటే ముహూర్తాలు వెతుకుతారు. కనకానికి కూడా అతను ఈ సంగతి చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సన్యాసిరావు చూపు దీపాల మీద పడింది.

సాయంత్రం వీధి చివర కొళాయి దగ్గర కారు ఆపి, ముందు ఒక చిన్న రంగుదీపం వెలిగించి, అరుగు మీద కూర్చున్న బావని కేకేసేవాడు. “బావా! సిగ్నల్ పిలు!”

“హరా!” అనేవాడు గోవిందరావు, కాలు మీద కాలు వేసుకుని.

“రైటో!” అనేవాడు సన్యాసిరావు.

మొదట అది వీధికి సరదా. అయితే ఆట సాగినకొద్దీ కారు ముఖం మారిపోయింది. ఒక దీపం ఉన్నచోట రెండయ్యాయి. బల్బులు పోయి లారీ దీపాలు వచ్చాయి. పైకప్పు మీద ఒక వరస, బంపరు కింద ఒక వరస, డాల్డా డబ్బాలో ఒకటి. పాత గాజులు తీసి కొత్త గాజులు. అవీ తీసి ఇంకా పెద్దవి. గోల్ బజార్‌లో లారీ సామాన్ల కొట్టు రాంప్రసాద్ అమ్ముకునేవాడై ఉండీ, లారీకి కూడా ఇన్ని దీపాలు పెట్టరని దడుచుకున్నాడు. “అరే బాబూ, ఇత్‌నీ బత్తీ తో ట్రక్ మే భీ నహీ లగ్‌తీ!”

“ట్రక్కుకి మా బావ లేడు గదా,” అన్నాడట సన్యాసిరావు. రాంప్రసాద్‌కి అర్థం కాలేదు. ఎవరికీ అర్థం కాలేదు.

నెహ్రూ నగర్ మలుపులో ట్రాఫిక్ కానిస్టేబులు కారు ఆపి, టోపీ తీసి, పెళ్లికొడుకు ఎక్కడని అడిగాడు. కారు వస్తుంటే కుక్కలు మొరగడం మానేసి పారిపోయేవి. అంత జరుగుతున్నా రోజూ సాయంత్రం ఆ కేక ఆగలేదు.

“సిగ్నల్ పిలు, బావా!”

“హరా!”

“రైటో!” కాని ఆ రైటోలో రానురాను పస తగ్గింది. గోవిందరావు గమనించలేదు. ఇంజన్ మీద అనుమానం వస్తే అతను అసిస్టెంటు నోటి వైపు చూసేవాడు. అరుగు మీద అనుమానం వస్తే పచ్చ అనేవాడు. పచ్చ అనడంలో ఒక హాయి ఉంది.

ఒక సాయంత్రం సన్యాసిరావు తెచ్చింది అప్పడాల పళ్లెమంత దీపం. పక్క క్వార్టరు అసిరమ్మ అరుగు మీద బియ్యంలో రాళ్లేరుతోంది. డెబ్భై దాటిన మనిషి.

“సిగ్నల్ పిలు, బావా!”

“హరా!”

“రై...” సన్యాసిరావు మాట పూర్తికాకముందే అసిరమ్మ చేట దించింది.

“పచ్చేటి బాబూ? ఎర్రగా అగ్గి లాగుంటేను!”

గోవిందరావు లేచాడు. “నీకు కళ్లు కానవు గాని ఊరుకో అసిరమ్మా,” అంటూ విసవిసా కొళాయి దాకా నడిచాడు. దగ్గరికి వెళ్లిన కొద్దీ దూది విడిపోయింది. లోపలున్నది ఎరుపే.

ఎర్రదీపాన్ని పచ్చ అన్నాడు. ఇదే పట్టాల మీదైతే, వెనక బండెడు జనం నిద్రపోతూ ఉంటే, అసిస్టెంటు ఆ క్షణాన తుమ్మి ఉంటే!

భయం కోపమై బావమరిది మీదికి తిరిగింది. “ఎరుపు పెట్టి రైటో అంటావేట్రా? నిన్న రైటో అన్నావు! మొన్న రైటో అన్నావు!”

సన్యాసిరావు తలొంచుకుని గాజు మీద లేని మరకని తుడిచాడు. “మరేటి చెయ్యను బావా? వీధి అందరి ముందూ డ్రైవరు సాబ్‌ని రాంగ్ అననా? మొదట తప్పు పిలిచావు, దీపం చిన్నదేమో అనుకున్నాను. పెద్దది పెట్టాను. మళ్లీ తప్పే. గాజు మాసిందేమో అనుకున్నాను, మార్చాను. వైరింగు అనుకున్నాను, బ్యాటరీ అనుకున్నాను. నీ కన్ను తప్ప అన్నీ మార్చి చూశాను బావా. ఇంక కారు మీద మేకు కొట్టే చోటు లేదు.”

గోవిందరావు కారు వైపు చూశాడు. కాలనీ అంతా పిచ్చి అనుకున్న ఆ దీపాల్లో ఒక్కొక్కటీ తను తప్పు పిలిచిన ఒక్కొక్క సాయంత్రం. అవెన్నో లెక్కపెట్టడానికి కూడా అతని కళ్లకి దూది అడ్డం.

“దింపేస్తార్రా,” అన్నాడు చివరికి, తన గొంతు తనకే వినపడనంత మెల్లిగా.

“దింపుతారు. దిగు. నువ్వు దిగకపోతే పెట్టెల్లోంచి ఇంకెంతమందిని మోసి దింపాలో!” అని, అంత మాట అన్నందుకు తనే బెదిరిపోయి, “రేపు డ్యూటీకి వద్దు బావా. ఆస్పత్రికి ఎల్దాం. నేను తీసుకెళ్తాను,” అన్నాడు.

“ఇందులోనా?” అన్నాడు గోవిందరావు. రెండో హడలు మొదటిదానికి తీసిపోలేదు.

అందులోనే. పట్టపగలు, దీపాలన్నీ వెలిగించుకుని, వెనక ‘ఎల్ వీ’ ఊగుతుండగా, కనకం ముంగిట్లో ముక్కు చీదుతూ నవ్వుతూ ఉండగా, రైల్వే ఆస్పత్రికి వెళ్లారు. డాక్టరు రెండు కళ్లలోనూ శుక్లాలన్నాడు. ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నావని అడిగాడు. “సిగ్నళ్లు పిలుస్తున్నాడండీ,” అన్నాడు సన్యాసిరావు. డాక్టరు కుర్చీలో వెనక్కి జారబడ్డాడు.

ఇంజను దింపేశారు. అందులో దాపరికం లేదు. అయితే ఆ గొంతుని కాగితాల మధ్య కూర్చోబెట్టడం షెడ్డుకి మనసొప్పలేదు. కొత్తగా చేరే అసిస్టెంట్లకి సిగ్నల్ పిలవడం నేర్పే పని ఇచ్చారు. మొదటి రోజు గోవిందరావు వాళ్లకి చెప్పింది ఒక్కటే. “డ్రైవరు నీ నోటి వైపు చూస్తన్నాడంటే, ఆడి మీద నమ్మకం పెట్టుకోకు.” మైలేజీ పోయింది. సాబ్ పోలేదు, ‘మాస్టర్ సాబ్’ అయింది.

అసలు కథ కట్టు విప్పిన రోజుది. రెండో కంటికి కూడా ఆపరేషను అయ్యాక, గోవిందరావు కనకంతో ఆస్పత్రి మెట్ల మీదికొచ్చి ఎండలోకి చూశాడు. ఎదురుగా ఆగి ఉంది. అతను మెట్టు మీదే కూలబడ్డాడు.

“ఒరే సన్యాసీ! ఇదేట్రా?”

“మన కారే బావా.”

“ఈ రంగేటి, ఈ వెంట్రుకలేటి? ఇంత ఘోరంగా ఉందేట్రా ఇది!”

“రోజూ చూశావు గదా?”

“చూడలేదురా! చూసుంటే మీ అక్కని ఎక్కనిచ్చీవాణ్నా? నేనెక్కీవాణ్నా?” అంటూనే గోవిందరావు లేచి కారు చుట్టూ తిరిగాడు. డాల్డా డబ్బా మీద డాల్డా అన్న అక్షరాలు కూడా చదవగలిగాడు. అది చదివి అతను నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో కనకానికి తెలియలేదు.

“నీకు ఆనుతోంది గదా, దీపాలు ఇప్పేస్తాను బావా,” అన్నాడు సన్యాసిరావు దిగులుగా.

“ఒగ్గేయ్, ఉండనీ. ముందు మీ ఆవిడ కంచాలు ఇప్పు,” అన్నాడు గోవిందరావు ముందు సీట్లో కూర్చుంటూ.

దారిలో నూకాలమ్మ మొక్కు సంగతి బయటపెట్టాడు. సన్యాసిరావు ముఖం వెలిగిపోయింది. “వెండి కళ్లా బావా? లోపల రెండు చిన్న బల్బులు పెట్టి ఇద్దాం!”

అప్పడాల పళ్లెమంత ఆ ఎర్రదీపం ఒక్కటీ కారు దిగి ఇప్పటికీ గోవిందరావు అరుగు మీద ఉంది, పండగలకి వెలిగిస్తారు. అప్పు మీద తెచ్చిన దాని ఖరీదు తనే ఇస్తానని గోవిందరావు, నా కారు దీపానికి నువ్విచ్చేదేటని సన్యాసిరావు, ఒకరినొకరు ఇవ్వనివ్వలేదు. గోల్ బజార్ రాంప్రసాద్‌కి నూట పది రూపాయలు ఇంకా రావాలి.