అడిగితేనే పనిచేసే శక్తి

మా అక్క సబ్బుల ఫ్యాక్టరీలో వాసన చూస్తుంది. నమ్మరు గానీ, అలాంటి ఉద్యోగం ఒకటుంది. అక్కడ కాచిన ప్రతి విడత సబ్బులోంచి ఒక ముద్ద తీసి, తెల్ల పింగాణీ గిన్నెలో పెట్టి ఆమె బల్ల మీదికి పంపిస్తారు. ఆమె వాసన చూసి ‘సరే’ అంటేనే తక్కినదంతా అచ్చుల్లోకి వెళ్తుంది. నూనె ముక్కిపోవడం మొదలైతే అందరికన్నా ముందు ఆమెకే తెలియాలి. అందుకని ఆ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ ఆమె మొహానికి పౌడరు రాసుకోలేదు, తలకి వాసన నూనె పెట్టలేదు, పనిరోజుల్లో పచ్చి ఉల్లిపాయ ముట్టలేదు. మా అక్కాతమ్ముళ్ళలో ఆమెకి ముక్కే బతుకుతెరువు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది.

నిరుడు ఆమెకొక జ్వరం వచ్చింది. తగ్గింది కానీ, పోతూ పోతూ వాసన తెలియడాన్ని కూడా పట్టుకుపోయింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, నాతో సహా. ఏమీ తెలియకుండానే నేను ఆమె చేత ఒక సూపర్‌హీరోని తయారుచేయించాను.

ముందు ఆట సంగతి చెప్పాలి. ఇది బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక హీరోని తయారుచేసుకుని ఆ కథలోకి దిగుతారు. చిక్కుల్లో పడితే పాచికలు తేలుస్తాయి. అసలు మజా అంతా హీరోని తయారుచేయడంలో ఉంది. అందరికీ సమానంగా పాయింట్లు ఇస్తాం. ఎగరడానికి ఇన్ని, గోడల్లోంచి దూరడానికి ఇన్ని అని ప్రతి శక్తికీ ఖరీదు ఉంటుంది. శక్తికి ఒక లోటు తగిలిస్తే ఖరీదు తగ్గుతుంది. వానలో మాత్రమే ఎగరగలిగేవాడికి ఎగరడం చాలా చవక. అయితే లోటు ఏమిటో ఆట మొదలయ్యేముందే బల్ల దగ్గర అందరికీ చెప్పాలి. దాచుకున్న లోటుకి తగ్గింపు లేదు.

మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు ఆ కథ నడిపేది నేనే. వారంలో మిగతా రోజులు డ్రైవింగ్ పరీక్షలు పెడతాను. చక్రం గీతకి ఆనిందా, ఫెయిల్. ‘కొంచెమే కదండీ’ అన్నవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆటలోనూ అంతే.

ఆడేవాళ్ళు ఇద్దరు. ఒకరు లెక్కల మాస్టారు. ఆయన హీరో ఏ యంత్రంలో తప్పు లెక్క జరుగుతున్నా దాన్ని ఆపేస్తాడు. రెండోవాడు మా వీధి చివర సెలూన్ నడిపే ఆయన. అతని హీరో ఎవరి తల మీద చెయ్యి పెడితే వాళ్ళు కదలకుండా కూర్చుంటారు. లోటు ఏమిటంటే, ఆ మనిషి ముందే కుర్చీలో కూర్చుని ఉండాలి. ఈ లోటు వల్ల అతను దొంగల వెనకాల కుర్చీ పట్టుకుని పరిగెత్తిన ఆదివారాలు ఉన్నాయి.

జ్వరం తగ్గాక అక్క కూడా వస్తానంది. “ఇంట్లో ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోలేనురా” అంది. ఏం శక్తి కావాలని అడిగాను.

“ఒక చోట ఏం వాసన ఉందో కనిపెట్టాలి.”

“దానికేం, ఉంది. వాసన పసిగట్టే శక్తి. దూరాన్ని బట్టి ఖరీదు” అని పుస్తకం తిరగేశాను.

“అది కాదు. నా హీరోకి వాసనే తెలీదు. పక్కవాళ్ళని అడుగుతుంది. వాళ్ళు చెప్పే మాటల్ని బట్టి కనిపెడుతుంది.”

సెలూన్ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. “అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇదేం శక్తండీ, అందరం చేసేదేగా” అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. కానీ పుస్తకంలో లేని శక్తి కనబడితే నాకు నిద్ర పట్టదు. దీన్ని ఏ శక్తి కింద కట్టాలి? ఎదుటివాళ్ళ మనసు చదవడం కింద కడితే మోయలేనంత ఖరీదు. పైగా అక్క ఒప్పుకోలేదు. “మనసు నాకెందుకు, మాట చాలు” అంది. ఊహ కింద కడదామంటే మాస్టారు అడ్డుపడ్డాడు. ఊహ తప్పవచ్చు, ఈవిడకి తప్పకూడదు కదా అని ఆయన వాదన. టీ చల్లారిపోయింది, ఆట మొదలవలేదు, ఎవరికీ తొందర లేదు. చివరికి వాసన పసిగట్టే శక్తినే తీసుకుని రెండు లోట్లు తగిలించాం. పక్కన మనిషి ఉండాలి. ఆ మనిషి నిజం చెప్పాలి. మాస్టారు కూడి తీసేస్తే, కారుచవకగా తేలింది.

దాన్ని ఆడించే పద్ధతి మాత్రం నాదే. గదిలో ఉన్న వాసన పేరు ఒకరి చెవిలో చెప్తాను. అతను పేరు ఎత్తకుండా అది ఎలా ఉంటుందో వర్ణించాలి. అక్క కనిపెట్టాలి.

మొదటి ఆదివారం కథలో ఒక దొంగని వెతుకుతూ పాడుబడ్డ గోదాములోకి దిగారు. నేను సెలూన్ ఆయన చెవిలో చెప్పాను. అతను బుర్ర గోక్కున్నాడు.

“బాగుండదు” అన్నాడు.

“బాగుండదు అంటే నాకేం తెలుస్తుంది? ముక్కులో ఎక్కడ తగులుతోంది?” అంది అక్క.

“పైన. కళ్ళ దగ్గర. చల్లగా గుచ్చుతోంది. పెట్టె మూత తీసినప్పుడు వస్తుంది చూడండి, అది.”

“తీసినప్పుడు వచ్చి పోతుందా, ఒంటికి పట్టుకుని నీ వెంట వస్తుందా?”

అతను నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. “వెంట వస్తుంది.”

“కలరా ఉండలు” అంది అక్క. “ఇక్కడెవరో ఇప్పుడే పెట్టె తీసి బట్టలు మార్చుకున్నారు. మనం వెతికేవాడు వేషం మార్చాడు.”

మాస్టారు బల్ల మీద చరిచాడు. కథ రాసుకున్న నాకే అంతదూరం తోచలేదు. ఆ తర్వాత ప్రతివారం మేం ముగ్గురం అక్కని ఓడించాలని వాసనలు ఏరుకొచ్చేవాళ్ళం. తడిసిన సుద్దముక్క, కొత్త చెప్పుల పెట్టె, ఆగిపోయిన ఫ్యాను మోటారు. పేరు చెప్పకుండా వాసన గురించి చెప్పడానికి మనకి ఎన్ని తక్కువ మాటలున్నాయో అప్పుడు తెలిసింది. ఆఫీసులో కూడా నేను కారెక్కగానే సీటు వాసన చూడటం మొదలుపెట్టాను. పరీక్షకి వచ్చినవాళ్ళు హడలిపోయేవాళ్ళు.

అలా సాగుతుండగా ఒక ఆదివారం ఆట అయ్యాక అక్క కప్పులు కడుగుతానని వంటింట్లోకి వెళ్ళింది. మిగతా ఇద్దరూ వెళ్ళిపోయారు. నేను పాచికలు సర్దుతుంటే ఇల్లంతా కమురు కంపు గుప్పుమంది. పరిగెత్తాను. పొయ్యి మీద ప్లాస్టిక్ మూత కరిగి బొట్లు బొట్లుగా కారుతోంది. పొయ్యికి వీపు పెట్టి, కుళాయి దగ్గర అక్క తాపీగా కప్పులు తోముతోంది.

“ముక్కేమైంది నీకు?” అని అరిచాను. నా అరుపు అలవాటైనదే. ఇంకెప్పుడైనా అయితే తిరిగి రెండు అంటించేది.

అక్క కుళాయి కట్టేసింది. “పోయిందిరా” అంది.

వంటింటి గుమ్మంలోనే కూర్చుని అంతా చెప్పింది. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట డాక్టరు. ఫ్యాక్టరీలో పక్క బల్ల దగ్గర ఒక పిల్ల పని నేర్చుకుంటోంది. గిన్నె వచ్చినప్పుడల్లా పాఠం చెప్తున్నట్టు ‘నీకేమనిపిస్తోందో చెప్పు’ అని ఆ పిల్లని అడిగి, ఆ మాటల్ని బట్టి తను నిర్ణయించేదట. ఆమె మా బల్ల మీదికి తెచ్చింది ఆ శక్తినే. మేం ముగ్గురం చప్పట్లు కొట్టి దానికి సాన పెట్టాం.

“పోయిన వారం ఆ పిల్ల సెలవు పెట్టింది. గిన్నె వచ్చింది. అచ్చుల దగ్గర మనుషులు నిలబడి ఉన్నారు. ఊరికే ముక్కు దగ్గర పెట్టుకుని సరేనన్నాను. అది బయటికి వెళ్ళిపోయింది” అంది.

నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ నాక్కూడా చెప్పలేదనే వచ్చింది ఎక్కువ. “నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు ఫెయిల్ చేస్తావని.”

ఆ మాట నిజం. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ, “ఒరేయ్, మీ ఆటలో దాచుకున్న లోటుకి తగ్గింపు లేదు కదూ?” అని అడిగింది.

“లేదు.”

“చెప్తే?”

“చెప్తే ఉంటుంది. కానీ అది ఆటక్కా. ఫ్యాక్టరీలో కుర్చీ పోతుంది.”

“పోతుంది” అంది ఆమె కూడా. ఆ కుర్చీ అంటే ఆమెకి ఎంత ప్రాణమో నాకు తెలుసు. ఆఖరికి తన పెళ్ళిలో దండ కూడా వాసన లేని పూలతో కట్టించుకున్న మనిషి.

ఆ వారమంతా నేను ఎవరికీ సరిగా పరీక్ష పెట్టలేదు. ఇద్దరు గీత తొక్కినా చూడలేదనుకుంటాను.

ఆదివారం అక్క అందరికన్నా ముందే వచ్చింది. మిగతా ఇద్దరూ కూర్చున్నాక, పాచికలు పక్కకి జరిపి వాళ్ళకీ చెప్పేసింది. మేనేజరుకి సోమవారమే చెప్పిందట. ఆయన గోదాములో మిగిలిన ఆ విడత సబ్బుల్ని తెప్పించి వేరేవాళ్ళ చేత చూపించాడు, బాగానే ఉందన్నారు. అయినా కుర్చీ మాత్రం ఆ పిల్లకి ఇచ్చారు. అక్కని కాగితం చుట్టే చోట, అంచులు సరిగా మడిచారో లేదో చూసే పనిలో వేశారు. ఆమె ఏడవలేదు. సెలూన్ ఆయన మాత్రం జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు.

నేనుండబట్టలేకపోయాను. “ఈ వారం నుంచి నీ హీరోకి వాసన తెలిసేటట్టు మార్చేస్తాను. పాయింట్లు అడగనులే” అన్నాను. నా నోట ఆ మాట విని మాస్టారు కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

అక్క తల అడ్డంగా ఊపింది. “వద్దురా. వాసన తెలిస్తే ఈవిడ ఎవర్నీ అడగదు. నేను అన్నేళ్ళూ ఎవర్నీ అడగలేదు. పక్క బల్ల పిల్ల గొంతు ఎలా ఉంటుందో జ్వరం వచ్చేదాకా నాకు తెలీదు.”

తర్వాత తన కుడిచెయ్యి బల్ల మీదుగా నా ముందుకి చాపింది.

“ఆ సబ్బు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. దాంతోనే చెయ్యి కడుక్కుని వచ్చాను. వాళ్ళు బాగానే ఉందన్నారు. బాగుంది అంటే నాకేం తెలుస్తుంది? నువ్వు చూడు. అబద్ధం మాత్రం చెప్పకు.”

అక్క చెయ్యి పట్టుకుని ఎన్నేళ్ళయిందో. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మాటలు వెతుక్కున్నాను.

“ముందు నిమ్మతొక్క గిల్లినట్టుంది. అది ఎక్కువసేపు లేదు.”

“తర్వాత?”

“మెత్తగా ఉంది. ఎండలో ఆరిన దుప్పటిని మొహానికి అడ్డం పెట్టుకున్నట్టు.”

“అడుగున? గొంతు దగ్గరికి ఏమన్నా వస్తోందా? నూనె డబ్బా మూత తీసినట్టు, బరువుగా?”

మళ్ళీ చూశాను. గీత మీద చక్రాన్ని చూసినట్టు చూశాను. “లేదక్కా. అడుగున ఏమీ లేదు. దుప్పటి దగ్గరే ఆగిపోయింది.”

అక్క చెయ్యి వెనక్కి తీసుకుని, తన ముక్కు దగ్గర ఒకసారి పెట్టుకుని, ఒళ్ళో పెట్టుకుంది.

“సరే” అంది.