మావయ్య పేరున తుపాకీ

ఎన్నికలొచ్చాయి కదా, లైసెన్సు తుపాకులున్నవాళ్లు వాటిని స్టేషన్లో అప్పగించాలని మొన్న పేపర్లో వేశారు. అది చదవగానే, చీమకైనా దారిచ్చి నడిచే మా మావయ్య గుర్తొచ్చి నవ్వొచ్చింది. 1970ల చివర్లో ఆయనకీ ఓ తుపాకీ ఉండేది. ఉండేదంటే, కాగితం మీద.

మావయ్య కొత్తపేటలో బడిపంతులు. ఆదివారం చర్చిలో ఆయన ప్రార్థన ఎత్తుకుంటే ఇంటి దగ్గర కూర అడుగంటాల్సిందేనని అత్తయ్య విసుక్కునేది. ఎవరినీ కాదనలేకపోవడం ఒక్కటే ఆయన లోపం. చిన్ననాటి స్నేహితుడొకాయనకి కొబ్బరితోటలుండేవి. గట్టు తగాదాలో తమ్ముణ్ణి కొట్టిన కేసుందని ఆ ఆసామికి తుపాకీ లైసెన్సు ఇవ్వలేదు. "కోతుల్ని బెదిరించడానికేరా. నీ పేరున కొని నాకిచ్చెయ్యి" అని మావయ్యని పట్టుకున్నాడు. పెరట్లో రెండంటే రెండు కొబ్బరిచెట్లున్న మావయ్య, కోతుల బాధ పడలేకపోతున్నానని అర్జీ పెట్టి లైసెన్సు తీశాడు. కాకినాడలో తుపాకీ కొని, చాపలో చుట్టి, బస్సులో తెచ్చి తిన్నగా ఆసామి ఇంట్లో దించేశాడు. అది నేరమని ఆయనకి తెలియకపోలేదు. స్నేహితుణ్ణి చిన్నబుచ్చడం అంతకంటే పెద్ద నేరమనుకున్నాడు.

నేను వాళ్లింట్లో ఉండి కాలేజీకి వెళ్తున్న రోజులవి. ఓ ఉదయం ఆసామి తమ్ముడి భార్య ఏడుస్తూ వచ్చింది.

"మాస్టారు కొనిచ్చిన తుపాకీ పట్టుకుని మా బావగారు గట్టు మీద కూర్చున్నారండి. మా ఆయన అటొస్తే కాల్చేస్తారంటండి!"

అత్తయ్యకి సంగతి అప్పుడే తెలిసింది. మావయ్యని ఒక్క చూపు చూసి, చెప్పులైనా వేసుకోకుండా బయల్దేరింది. వెనక మావయ్య, ఆ వెనక నేను.

ఆసామి ఒళ్లో తుపాకీ ఉంది. అత్తయ్య గొంతు పెంచలేదు.

"అన్నయ్యగారూ, మా తుపాకీ ఇచ్చెయ్యండి."

"అది నాదమ్మా."

"పేరు మాదండి. మీరు పేలిస్తే మీ ఇంట్లో ఒకరు పోతారు, మా ఇంట్లో ఒకరు జైలుకెళ్తారు."

ఆసామి మావయ్య వైపు చూశాడు. మావయ్య చెయ్యి చాపాడు. "అప్పుడు కాదనలేక తెచ్చేనురా. ఇప్పుడు కాదంటున్నాను. ఇచ్చెయ్."

ఆసామి తుపాకీ తీసి ఆయన చేతిలో పెట్టాడు. అటునుంచటే స్టేషనుకి వెళ్లి, మావయ్య జరిగిందంతా చెప్పేశాడు. కేసయింది, లైసెన్సు పోయింది, కొన్నాళ్లు ఉద్యోగమూ ఆగింది. వాటికంటే ఆసామి మాట్లాడ్డం మానేశాడనే మావయ్య ఎక్కువ కుమిలిపోయాడు.

చాలా ఏళ్లకి, మావయ్య మంచాన పడ్డాడని తెలిసి ఆసామి చూడ్డానికొచ్చాడు. తమ్ముడి స్కూటరు మీద, వెనక కూర్చుని. ఏ పగకైనా కొంత ఆయుష్షే ఉంటుంది. అది తీరేదాకా మనుషులు బతికుంటే చాలు, మిగతాది కాలం చూసుకుంటుంది.