దసరాకొక రిబ్బు

ఆ విమానం పెట్టె అమ్మి ఏడు నెలలైంది. ఈలోగా కొన్నవాడికి రెండుసార్లు ఫోన్ చేసి, మీ డబ్బు మీకిచ్చేస్తాను, పెట్టె వెనక్కిచ్చెయ్యండని బతిమాలాను. మొదటిసారి నవ్వాడు. రెండోసారి ఫోన్ ఎత్తలేదు. బందరులో ఒక కాలేజీ వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు కుర్రాళ్లకు వడ్రంగం నేర్పినవాణ్ణి, మొన్న ఇంట్లో తలుపు గడియ ఊడితే మేస్త్రీని పిలవమన్నాను. మా ఆవిడ నా మొహం చూసి, వెళ్లి పిలుచుకొచ్చింది.

పెట్టె మా బావది. బావంటే మా అక్క భర్త. గుడివాడలో చిన్న షాపు పెట్టుకుని ముందు రేడియోలు, తరవాత టేప్‌రికార్డర్లు, ఆ తరవాత టీవీలు బాగుచేశాడు. విడిభాగాల కోసం చెన్నై వెళ్లినప్పుడు అక్కడ ఎత్తేస్తున్న ఒక పాత దుకాణంలో ఈ పెట్టె కంటబడిందట. లోపల ముందే కోసి ఉంచిన తేలికపాటి బాల్సా చెక్క ముక్కలు, చాపంత నమూనా కాగితం, రబ్బరు చక్రాలు, విడిగా ఓ పాత రిమోట్ సెట్టు, దానికి బారెడు ఏరియల్. ఆ ముక్కలన్నీ ఒకదానికొకటి అంటించి, మోటారు బిగించి, నేలమీద నిలబడి గాల్లో విమానాన్ని నడపాలన్నమాట. బావని పట్టేసింది రిమోట్ సెట్టే. తీగ లేకుండా చేతిలోంచి బయల్దేరే మాట ఆకాశంలో తోకని తిప్పుతుందంటే, జన్మంతా రేడియోలు విప్పినవాడికి అంతకన్నా ఏం కావాలి? కొత్త చొక్కా కొనుక్కోవడానికి వంద ఆలోచించే మనిషి దాన్ని బేరమైనా ఆడకుండా కొనుక్కొచ్చాడు. అక్క వారం రోజులు మాట్లాడలేదు.

కొన్నాడు గానీ, చేసే వీలేదీ? ఇంట్లో రెండే గదులు. షాపులో చేసుకోవచ్చుగా అంటే ఒప్పుకునేవాడు కాదు. షాపులో సొంత పని ముందేసుకుని కూర్చుంటే గిరాకీ రాదని ఆయన గట్టి నమ్మకం. బల్లమీద ఎప్పుడూ పరాయివాడి వస్తువే ఉండాలి. గిరాకీ రాని రోజుల్లో కూడా ఖాళీ బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాడు తప్ప పెట్టె దించేవాడు కాదు.

దసరాకి మాత్రం దించేవాడు. విజయదశమినాడు టంకం కడ్డీ, మీటరు, స్క్రూడ్రైవర్లు అన్నీ పీట మీద పేర్చి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. ఆ రోజు మొదలుపెట్టిన పని మంచిదని మొదటి ఏడాది పూజ కాగానే పెట్టె తెరిచి, రెక్కలో ఒక్క రిబ్బు అంటించాడు. రిబ్బంటే రెక్కలో అడ్డంగా నిలబడే పల్చటి ముక్క, మన పక్కటెముకలాగా. రెక్కకి పదకొండు, రెండు రెక్కలకీ ఇరవై రెండు. అంటించి, దానికీ ఓ చిన్న కుంకుమ బొట్టు పెట్టి, పెట్టె మూసేశాడు. శాస్త్రానికి ఒకటి అయింది, మిగతాది తీరిగ్గా చేద్దామన్నాడు. ఆ తీరిక మళ్లీ దసరాకి వచ్చింది. ఆ తరవాత అదే ఆనవాయితీ అయిపోయింది.

నేను బందరు ప్యాసింజరెక్కి పెడన మీదుగా ప్రతి దసరాకీ వెళ్లేవాణ్ణి. “బావా, ఈ లెక్కన ఇది లేచేసరికి మనిద్దరం పైనుంచే చూడాలి” అనేవాణ్ణి. “చూద్దాం. పైనుంచైతే ఇంకా బాగా కనపడుద్ది” అని నవ్వేవాడు. అలా తొమ్మిది దసరాలకి తొమ్మిది రిబ్బులయ్యాయి. పదో ఏడు చేతులు వణకడం ఎక్కువై షాపు మూసేశారు. ఆ దసరాకి పెట్టె దించలేదు. ఆ పై దసరాకి నేను వెళ్లేసరికి ఆయనే అక్క చేత దింపించి, మంచం పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

“దీన్ని తీసుకెళ్లి అమ్మిపెట్టరా. ఎంతకన్నా అమ్ము. ఎగరేసేవాడికే ఇవ్వు” అన్నాడు. “నా దగ్గరుంటే ఇది చచ్చిపోద్ది.”

అక్క చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. బావ అడిగింది ఆ ఒక్కటే. అది ఎవడి చేతుల్లోనైనా సరే, ఒక్కసారి నేల వదిలి లేవాలి. డబ్బు మాట ఆ రోజు ఆయన నోట మళ్లీ రాలేదు. ఆ మాట పట్టుకుని వేలాడింది నేనే.

పెట్టె ఒళ్లో పెట్టుకుని బందరు తెచ్చాను. వస్తువుకి విలువ కట్టాలంటే ముందు అది పూర్తిగా ఉందో లేదో తెలియాలి. వారం రోజులు కూర్చుని, లోపలి జాబితా ప్రకారం ముక్క ముక్కా సరిచూశాను. ఒక్కటీ పోలేదు. మా వైపు ఉప్పుగాలికి మేకులే తుప్పుపట్టి రాలిపోతాయి, గుడివాడలో ఆయన దాన్ని ప్లాస్టిక్ సంచుల్లో ఎంత పొందిగ్గా కట్టి దాచాడో. రిమోట్ సెట్టులో బ్యాటరీ కారి తీగలు పచ్చబడితే వెనిగర్ ముంచిన దూదితో తుడిచాను. మూత అంచులు చిరిగినచోట లోపలివైపు కాగితం అంటించాను. నమూనా కాగితాన్ని పరుపు కింద రెండు రోజులు ఉంచి మడతలు పోగొట్టాను. ఫోటోలు తీసి, ఇలాంటివి కొనేవాళ్లు కూడే చోట ఇంటర్నెట్‌లో పెట్టాను.

మొదట వచ్చింది అవనిగడ్డ దగ్గర రొయ్యల మేత వ్యాపారి. నలభై ఐదేళ్లుంటాయి. మినుము తీసేశాక దివిసీమ చేలు ఖాళీగా ఉంటాయి కదా, అక్కడ ఇలాంటి విమానాలు ఎగరేస్తాడట. ఆదివారం కారేసుకుని వచ్చి, మా వరండాలో కింద కూర్చుని, సగంలో ఉన్న రెక్కని రెండు చేతులతో ఎత్తి చూశాడు.

“ఈ బొట్లేంటండీ?” అన్నాడు.

చెప్పాను.

ఆయన రెక్కని మెల్లగా ఒళ్లోకి దించుకున్నాడు. “వీటిని ముట్టుకోనండి. వీటి మీదే పైకాగితం వేస్తాను, బొట్లతో సహా ఎగురుద్ది. మార్చి కల్లా చేలు ఖాళీ అవుతయ్యి. మీ బావగార్ని కార్లో తీసుకెళ్లి చూపించే పూచీ నాది” అన్నాడు. తరవాత మొహమాటపడుతూ ధర చెప్పాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. రెండు బస్తాల మేత ఖరీదు కూడా కాదది. మా బావ ప్రాణంలా దాచుకున్నదానికి అంతేనా! ఆ మనిషి అన్న మిగతా మాటలన్నీ నా చెవికి ఎక్కనే లేదు. చూసి చెప్తానని పంపించేశాను. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, “ఇంకొంచెం పెంచుతానండి, వేరేవాళ్లకి ఇవ్వకండి” అన్నాడు. దానికీ నేను మాట ఇవ్వలేదు.

రెండోవాడు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. పాత విమానాల పెట్టెలు సేకరిస్తాడు. “అంటించడం మొదలుపెడితే అది మామూలు చెక్క కిందే లెక్క సార్. అసలు ముట్టుకోకుండా ఉంటే ధర వేరు” అని, ఆ వేరే ధర చెప్పాడు. అవనిగడ్డ ఆయన అన్నదానికి ఏడెనిమిది రెట్లు. తొమ్మిది రిబ్బులు అంటించి ఉన్నాయన్నాను. “మరక కూడా కనపడకుండా ఊడదీయగలిగితే కొత్తదాని కిందే తీసుకుంటాను. కానీ అది ఎవరివల్లా కాదులెండి” అన్నాడు.

ఎవరివల్లా కాదంటే నాకు పట్టుదల. అదే నా రోగం. వర్క్‌షాపులో కూడా అంతే, ఇది కాదు మాస్టారూ అని ఎవడైనా అంటే సాయంత్రందాకా అన్నం మానేసి చేసి చూపించేవాణ్ణి. మా బావ ఎగరేసేవాడికే ఇమ్మన్నాడండీ అని చెప్పాను, చెప్పలేదనను. “చూద్దాం సార్” అన్నాడు. ఆ మాటకి అర్థం ఏంటో అరవై రెండేళ్ల వాడికి తెలియదా? తెలుసు. తెలియనట్టు ఉండిపోయాను.

మా ఆవిడ అడిగింది, “అన్నయ్యగారికి చెప్పారా?” అని.

“ధర పెంచుతున్నాను గానీ తగ్గించట్లేదుగా, చెప్పేదేముంది?” అని కసిరాను.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. షాపు మూసినప్పుడు బావ సామాన్లలోంచి టేప్‌రికార్డర్ హెడ్లు తుడిచే స్పిరిట్ సీసా నా దగ్గరికి చేరింది. అందులోనే కుంచె ముంచి జిగురు మీద రాసి, మెత్తబడేదాకా ఆగి, సన్నటి బ్లేడు జొనిపి ఒక్కో రిబ్బూ విడదీశాను. బాల్సా బిస్కెట్ లాంటిది, కొంచెం బలం ఎక్కువైతే పుటుక్కుమంటుంది. మొదటి ఆరూ అందంగా వచ్చాయి. జిగురు వెంట్రుకవాసి మందాన, గోడ కట్టినంత తిన్నగా ఉంది. ఏడోదాని దగ్గర జిగురు కొంచెం పక్కకి కారింది. ఎనిమిదోదాని దగ్గర ఇంకొంచెం. తొమ్మిదోది ఒరిగిపోయి ఉంది, చుట్టూ జిగురు ముద్దలు, వాటిలో ఆయన వేలి ముద్ర. వణుకు అప్పటికే మూడేళ్లుగా ఉందన్నమాట. ప్రతి దసరాకీ పక్కనే కూర్చుని జోకులు వేసిన నాకు అది కనపడలేదు. ఒక్కడే తంటాలు పడి నిలబెట్టి, మాకు కనపడకుండా పెట్టె మూసేసేవాడు.

అక్కడ నేను ఆగిపోవాల్సింది. ఏడుపొచ్చిన మాట నిజం. కళ్లు తుడుచుకుని, స్పిరిట్ ఇంకొంచెం ఎక్కువ రాసి ఆ తొమ్మిదోది కూడా ఊడదీశాను. వేలిముద్ర ఉన్న జిగురుని గోరుతో గీకేశాను. బొట్లు చెక్కలోకి ఇంకిపోతే అన్నిటికన్నా సన్నటి గరుకు కాగితం పెట్టి, ఊపిరి బిగబట్టి రుద్దాను. ఎరుపు పొడి నా వేళ్లకీ లుంగీకీ అంటుకుంది. చివరికి ఇరవై రెండు రిబ్బులూ తెల్లటి గుడ్డ మీద వరసగా పేర్చి ఫోటో తీస్తే, వాటిలో తొమ్మిది ఏవో నాకే తెలియలేదు.

హైదరాబాదు ఆయన జనవరిలో కారులో వచ్చాడు. భూతద్దం పెట్టి ఒక్కో ముక్కా చూశాడు. “ఎక్కడ అంటించారో కూడా తెలియట్లేదు సార్. ఇలాంటి పనితనం నేనెక్కడా చూడలేదు” అన్నాడు. నా ఛాతీ ఉప్పొంగింది, ఇప్పుడు తలుచుకుంటే చెప్పు తీసుకుని నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. తరవాత పెట్టె మొత్తాన్ని పల్చటి ప్లాస్టిక్‌తో నాలుగు చుట్లు చుట్టాడు.

“ఎప్పుడు చేస్తారండీ?” అన్నాను.

“చెయ్యడమేంటి సార్, తెరిస్తే విలువ పోదూ? అద్దాల బీరువాలో ఉంటుంది” అన్నాడు.

డబ్బు అప్పటికి నా చేతిలో ఉంది. వద్దు, పెట్టె దించండని ఒక్క మాట అంటే సరిపోయేది. పనితనం పొగిడినవాడి ముందు మాట మార్చడానికి నామోషీ. కారు వీధి మలుపు తిరిగాక మా ఆవిడ గేటు వేసి లోపలికెళ్లిపోయింది. అవనిగడ్డ ఆయనకి ఫోన్ చేసి, అమ్మేశానని చెప్పాను. “అయ్యో” అన్నాడు. కోప్పడ్డా బావుండేది.

మర్నాడు గుడివాడ వెళ్లాను. బావ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. డబ్బు అక్క చేతిలో పెడితే ఆవిడ ఎంతో చూడనైనా చూడకుండా దేవుడి గూట్లో పెట్టింది. బావ డబ్బు వంక చూడనే లేదు.

“ఎగరేసేవాడేగా?” అన్నాడు.

“ఆఁ, బావా” అన్నాను. దారిపొడవునా సాధన చేసుకున్న మాట కాబట్టి తడబడకుండా వచ్చింది.

ఆయన మొహం వెలిగింది. “ఫోటోలు తీశావంటగా, చూపించు” అన్నాడు. మూత ఫోటో చూపించి ఫోన్ వెనక్కి తీసుకోబోయాను. ఈలోగా వణికే వేలు తెర మీద పడి బొమ్మ పక్కకి జరిగిపోయింది. తెల్లగుడ్డ మీద రిబ్బులు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. ఇరవై రెండు దాకా లెక్కపెట్టి, మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టాడు.

ఇక అబద్ధం ఆడలేకపోయాను. ఊడదీశానని చెప్పాను. హైదరాబాదు సంగతీ, అద్దాల బీరువా సంగతీ చెప్పాను. అవనిగడ్డ ఆయన వచ్చిన సంగతీ, ఆయన అన్న మాటలూ కూడా చెప్పేశాను. తిడతాడని ఎదురుచూశాను, తిడితే బతికిపోదునని. ఆయన ఫోన్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఆ బొమ్మే చూశాడు.

“విరక్కుండా వచ్చినయ్యా?” అన్నాడు చివరికి.

“ఒక్కటీ విరగలేదు బావా.”

“చివరిది కూడా?”

“చివరిది కూడా.”

“నీ చెయ్యి మంచిదిరా” అన్నాడు బావ.

అక్క కాఫీ తెచ్చింది. ఆయన గ్లాసు పట్టుకోలేడు కాబట్టి నేనే పట్టి తాగించాను. సగం తాగి, చాలన్నాడు.