మాదాపూర్ ఖాళీ స్థలంలో నూట తొంభై మీటర్ల ఓడ

మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్ రిసెప్షన్‌లో నేను రెండేళ్లు కూర్చున్నాను. బీకాం అయ్యాక వెళ్లిన ఇంటర్వ్యూలన్నీ ఒకేలా ముగిశాయి. మళ్లీ పిలుస్తాం అన్నవాళ్లెవరూ పిలవలేదు. హాస్టల్లో పొద్దున ఎనిమిదికల్లా అమ్మాయిలంతా మెడలో ఐడీ కార్డులతో గలగలా దిగి వెళ్లిపోయేవాళ్లు. ఆ తర్వాత సాయంత్రం దాకా భవనమంతా నిద్రపోయేది. నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు తప్ప చప్పుడుండేది కాదు. నేనూ కళ్లు తెరుచుకుని ఒకలాంటి నిద్రలో ఉండేదాన్ని.

ఒక వానాకాలం చివర్లో ఆ భవనం నాలుగో అంతస్తు అద్దెకు తీసుకుని ఒక పెద్దాయన వచ్చారు. తెల్ల చొక్కా, ఎండకి కమిలి మళ్లీ తెల్లబడని ముఖం. లిఫ్ట్ ఉన్నా ఎక్కేవారు కాదు. మెట్లెక్కుతున్నంతసేపూ ఒక చెయ్యి కమ్మీ మీదే ఉండేది. రెండో చేతిలో చుట్టచుట్టిన పెద్ద పెద్ద పటాలు. మూడోరోజు ఉండబట్టలేక అడిగాను.

"పైన ఏం పెడుతున్నరు సార్?"

"క్లాసులండి. ఓడల గురించి."

"ఓడలా? ఈడనా?"

ఆయన నవ్వలేదు. పటాలు నా బల్ల మీద పెట్టి, తాపీగా చెప్పారు. "ఓడ ఎక్కేవాళ్లకి కాదండి. ఒడ్డున కూర్చుని ఓడల్ని చూసుకునేవాళ్లకి. ఓడ ఎక్కడుంది, ఏ రేవుకి వెళ్తుంది, అందులో సరుకేంటి, కాగితాలు సరిగ్గా ఉన్నాయా, లోపలున్న మనుషులు బాగున్నారా. ఇవన్నీ ఎవరో ఒకరు చూడాలి కదండీ. ఆ పనులు చేసే ఆఫీసులు ఇప్పుడు ఇక్కడికీ వస్తున్నాయి."

ఆయనది కాకినాడ. ముప్ఫై ఏళ్లకు పైగా సముద్రం మీద ఉండి, కెప్టెన్‌గా రిటైరయ్యారు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా క్లాసు, ఆరు నెలల కోర్సు. నేనూ కూర్చోవచ్చా అని అడిగితే మూడు ప్రశ్నలు వేశారు. "డిగ్రీ ఉందా అండి? ఇంగ్లీషులో సొంతంగా ఒక ఉత్తరం రాయగలరా? రోజూ పొద్దున్నే లేవగలరా?" మళ్లీ తనే, "మూడోదే ముఖ్యమండి" అన్నారు.

బోరబండలో మా ఇంట్లో ఆ సాయంత్రం ఈ మాట చెప్పాను. అమ్మ జాకెట్లు కుడుతోంది. మిషన్ ఆపి నా ముఖంలోకి చూసింది. "సముద్రమేడ, మనమేడ? గిదేం సదువు బిడ్డా?"

నాన్న మియాపూర్ బస్ డిపోలో కంట్రోలర్. బస్సుల్ని టైముకి బయటికి పంపడం ఆయన పని. సాక్సు విప్పుతూ నాకంటే ముందు ఆయనే జవాబిచ్చాడు. "నేనేమన్న బస్సు తోల్తున్ననా? డిపోల కూసుంటనే గద. ఏ బస్సు ఏడ ఆగిందో, డ్రైవర్‌కు ఒంట్లో బాగుందో లేదో ఒక్కడు కనిపెట్టుకుని ఉండాలె. ఇదీ గట్లనే ఉంటది. పోనీ, నేర్సుకోనీ."

బోరబండ నుంచి హైటెక్ సిటీ స్టేషన్ ఒక్కటే స్టాప్. పొద్దున లోకల్ రైల్లో తలుపు దగ్గర నిలబడితే ఐదు నిమిషాలు కూడా పట్టదు. అయినా ఆ కొద్దిసేపట్లోనే నాకు కళ్లు మూతలు పడేవి. నిన్నటి పాఠం రైలు కూతలో, కుదుపులో కలిసిపోయేది. అక్కడి నుంచి షేర్ ఆటోలో మాదాపూర్. క్లాసులో మేం ఎనిమిది మందిమి. నా పక్కన కూర్చునేది గుంటూరు నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు అక్క. నైట్ డ్యూటీలతో అలిసిపోయి, ఇంకో పని వెతుక్కుంటూ వచ్చింది.

ఎదురుగా ఒక నీలం అద్దాల భవనం ఉండేది. ఏడున్నరకి సూర్యుడు దాని మీద పడితే ఆ వెలుగు మా గది పైకప్పు మీదికొచ్చి మెల్లగా కదిలేది. ఆ నీలి కాంతిలో కెప్టెన్ గారు గోడ మీది పటాన్ని వేలితో తడుముతూ మాట్లాడేవారు. నూన్ రిపోర్ట్ అంటే ఏమిటో అక్కడే విన్నాను. ప్రతి ఓడా రోజూ మధ్యాహ్నం పన్నెండుకి తానెక్కడున్నదీ, గాలి ఎటు వీస్తున్నదీ, అల ఎంత ఎత్తున్నదీ, ట్యాంకుల్లో ఇంధనం ఎంత మిగిలిందీ ఒడ్డుకి రాసి పంపుతుందట. "ఇంటికి ఉత్తరం రాసినట్టేనండి. చదివేవాళ్లు ఉండాలి, అంతే." నాకు కొన్ని మాటలు నోరు తిరిగేవి కావు, కొన్ని అర్థమయ్యేవి కావు. అయినా ఆ గదిలోంచి కిందికొచ్చి రిసెప్షన్‌లో కూర్చున్నాక చాలాసేపు నా కుర్చీ నిలకడగా ఉన్నట్టు అనిపించేది కాదు.

మూడో నెలలో సరుకు సర్దే పాఠం వచ్చింది. ఓడలో ఏ అరలో ఎంత బరువు వెయ్యాలి, ఏది ముందు దించాలి. కాగితం మీద జానెడు బొమ్మ. ఎంత చెప్పినా మా తలకెక్కలేదు. చివరికి నర్సు అక్క చెయ్యెత్తింది. "సార్, అసలు ఓడ ఎంతుంటుందండి? నేను విశాఖలో దూరం నుంచి చూశానంతే. అగ్గిపెట్టెంత కనిపించింది."

ఆయన సుద్దముక్క కింద పెట్టేసి, "ఆదివారం ఆరింటికి అందరూ వెనకున్న ఖాళీ స్థలంలోకి రండి" అన్నారు.

వెనక ఒక పెద్ద స్థలం ఉండేది. ఏదో టవర్ కడతారని చదును చేసి వదిలేశారు. ఆదివారం మేం వెళ్లేసరికి ఆయన పొడవాటి కొలత టేపుతో, రెండు బస్తాల ముగ్గుపిండితో నిలబడి ఉన్నారు.

"ఓడ పొడవు నూట తొంభై మీటర్లు. వెడల్పు ముప్ఫై రెండు. గీత వంకర లేకుండా పొయ్యగలిగేదెవరండి?"

అందరూ నా వైపు చూశారు. రోజూ వాకిట్లో ముగ్గు వేసే చెయ్యి నాదొక్కదానిదే. మంచు ఇంకా విడలేదు. చుట్టూ భవనాల పై అంతస్తులు కనిపించడం లేదు. టేపు పట్టుకుని వాళ్లు ముందు నడుస్తుంటే నేను వంగి పిండి పోసుకుంటూ వెళ్లాను. నావికుల గదులు, వంటగది, ఇంజను ఉండే వెనక భాగం. తర్వాత వరసగా ఐదు సరుకు అరలు. ఒక్కో అర మా బోరబండ గల్లీలో నాలుగిళ్లంత. నూట అరవై మీటర్ల దగ్గర ప్రహరీ గోడ అడ్డమొచ్చింది. ఓడ ఇంకా అయిపోలేదు.

"గేటు తియ్యండి" అన్నారాయన.

మిగతా ముప్ఫై మీటర్లు రోడ్డు మీద వేశాం. ఓడ ముక్కు వంపు తిప్పుతుంటే కాపలా తాత కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది సార్ ఇది? భూమి పూజనా? ఓనర్‌కు ఎరికేనా?"

"ఓడండి."

"ఓడనా?"

"ఓడ ఎక్కే మెట్లు ఇదిగో, ఇక్కడండి. మీరు ఇక్కడ నిలబడాలి. ఓడ ఎక్కేవాళ్ల పేరు రాయించకుండా ఎవర్నీ లోపలికి రానివ్వకండి."

తాత ఒక్క నిమిషం ఆయన ముఖంలోకి చూశాడు. ఏమనుకున్నాడో, నిజంగానే ఆయన చూపించిన చోట కర్ర ఆనించి నిలబడ్డాడు. వాకింగ్‌కి వచ్చిన ఒకావిడ గీత దాటబోతే, "పేరు రాపిచ్చి పోవాలమ్మా" అని ఆపాడు కూడా. ఆవిడ విసుక్కోకుండా చెప్పి, ఐదు అరలూ చుట్టి చూసి వెళ్లింది. ఒక పాల వ్యాను మాత్రం ఓడ ముక్కు మీదుగా పోయింది.

కెప్టెన్ గారు నన్ను ఆ చివర, ముక్కు దగ్గర నిలబడమన్నారు. ఆయన ఈ చివర నిలబడ్డారు. మంచులో తెల్ల చొక్కా చిన్న మరకలా కనిపిస్తోంది. చెయ్యి ఊపి ఏదో అరిచారు. ఏమీ వినపడలేదు. అప్పుడు నా ఫోన్ మోగింది.

"చూశారా అండి, ఒకే ఓడ మీదున్నా మాట అందదు. ఇక ఒడ్డుకెలా అందుతుంది చెప్పండి."

నేను ఊ కొట్టాను. ఆయన ఫోన్ పెట్టలేదు.

"నేను కెప్టెన్ కాకముందు, చీఫ్ ఆఫీసర్‌గా ఉన్నప్పుడు మా వంటాయనకి కడుపునొప్పి వచ్చిందండి. ఓడ లంగరేసి ఉంది. ఊళ్లో మేడలు కూడా కనిపిస్తున్నాయి. ఆఫీసుకి మెసేజ్ పెట్టాం. అది చూడాల్సినాయన భోజనానికెళ్లి, వచ్చాక ఇంకో పనిలో పడ్డాడట. చెడ్డవాడు కాదండి. సాయంత్రం చూశాడు. బోటు మర్నాడొచ్చింది."

"మరి ఆయన?"

"అప్పటికి దుప్పటి కప్పేశామండి."

ఎదురుగా ఉంటే ఈ మాట నాతో అనేవారు కాదేమో. నూట తొంభై మీటర్ల దూరంలో ఆయన ముఖం నాకు కనిపించలేదు. "అందుకే ఒడ్డునుండేవాళ్లకి చెప్పాలని వచ్చాను" అని ఫోన్ పెట్టేశారు. మధ్యాహ్నం అకాలంగా పెద్ద వాన పడింది. హాస్టల్ వెనక కిటికీలోంచి చూస్తే నేల ఎర్రగా, ఖాళీగా ఉంది.

కోర్సయ్యాక నాకు హైటెక్ సిటీలోనే ఉద్యోగం దొరికింది. ఓడల్ని నడిపించే ఒక కంపెనీ ఆఫీసు, తొమ్మిదో అంతస్తు. నర్సు అక్క నావికుల మెడికల్ కాగితాలు చూసే ఇంకో ఆఫీసులో చేరింది. కెప్టెన్ గారు మాత్రం మోకాళ్లు సహకరించక కొన్నాళ్లకే క్లాసులు మానేసి కాకినాడ వెళ్లిపోయారు.

ట్రైనీగా నా పని నూన్ రిపోర్టులు చదివి పట్టికలోకి ఎక్కించడం. తెర మీద నీలి మైదానం, దాని మీద చీమల్లాంటి ఓడలు. పొద్దున చూసిన చోటు నుంచి సాయంత్రానికి గోరంత జరిగేవి. కింద ఫ్లైఓవర్ మీద కార్లు కిక్కిరిసి ఉండేవి. నేను మాత్రం ఎక్కడో అల రెండు మీటర్లుందనీ, ఆకాశం మబ్బుగా ఉందనీ చదువుకుంటూ ఉండేదాన్ని. ఎవరో తెలియని కెప్టెన్లు రాసిన ఆ పొడి వాక్యాలు మనసులో చాలాసేపు తేలుతూ ఉండేవి.

ఎనిమిదో నెలలో ఒకరోజు ఒంటిగంటకి పది నిమిషాల ముందు ఒక మెయిల్ వచ్చింది. కాకినాడ దగ్గర లంగరేసి బియ్యం ఎక్కించుకుంటున్న ఓడ నుంచి. ఫిట్టర్‌గా పనిచేసే ఒకతనికి కడుపులో కుడివైపు కింద విపరీతమైన నొప్పి, జ్వరం. వెంటనే ఒడ్డుకి తీసుకెళ్లాలి. మెయిల్ మా మేడమ్‌కి. నాకు కాపీ మాత్రమే. మేడమ్ మీటింగ్‌లో ఉన్నారు. ట్రైనీలు బయటివాళ్లకి సొంతంగా ఫోన్ చెయ్యకూడదని నియమం. అందరూ డబ్బాలు పట్టుకుని భోజనానికి లేస్తున్నారు.

వెళ్లి మీటింగ్ గది అద్దం మీద తట్టాను. మేడమ్ నన్ను చూసి, ఆగమన్నట్టు అరచెయ్యి చూపించారు. నేను వెనక్కి రెండడుగులు వేశాను కూడా. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. తలుపు తోశాను.

"మేడమ్, ఇది ఆగేది కాదు."

గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. గోడ మీది తెరలో ఉన్న విదేశీ ముఖాలన్నీ నా వైపు తిరిగాయి. మేడమ్ నా చేతిలోని కాగితం చదివి హెడ్‌ఫోన్ తీసేశారు. "నేను ఓడ కెప్టెన్‌తో మాట్లాడతాను. కాకినాడ ఏజెంట్‌కి నువ్వు చెయ్. తెలుగులో అయితే తొందరగా అవుతుంది."

ఏజెంట్ అంటే రేవులో మా తరఫున పనులు చూసే ఆయన. విషయం విని నొచ్చుకున్నారు. "గాలి లేచిందండి. బోటువాళ్లు రామంటున్నారు. సాయంత్రానికి తగ్గుతుందేమో చూద్దామండి."

"ఏ దిక్కు గాలి సార్?"

"ఈశాన్యమండి."

"ఓడను జర తిప్పి గాలికి అడ్డం నిలబెడితే, రెండో పక్క నీళ్లు నిమ్మలంగా ఉంటయి గద సార్? మా ఓడ కెప్టెన్ గట్ల చేస్తె బోటు వస్తదా?"

"మీరు ఓడ మీద పనిచేశారా అండి?"

"లేదు సార్. మాదాపూర్‌ల నేర్చుకున్న."

ఓడ కెప్టెన్ ఆ సంగతే మేడమ్‌తో చెబుతున్నారు, ఇంజను వాడి ఓడని తిప్పి ఉంచుతానని. మధ్యలో ఆ ఒక్క మాట బోటువాళ్లకి చేరాలి, అంతే. చేరింది. రెండున్నరకి బోటు కదిలింది. మూడున్నరకి అతన్ని స్ట్రెచర్ మీద కిందికి దించారు. ఐదు దాటాక ఏజెంట్ ఫోన్ చేశారు. ఆసుపత్రిలో చేర్చారట. అపెండిక్స్, ఇంకాస్తయితే పగిలేదట. ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారట. నా డబ్బా మూత తియ్యకుండా అలాగే ఉంది. మేడమ్ తన డబ్బాలోంచి రెండు చపాతీలు తీసి నా బల్ల మీద పెట్టి వెళ్లారు.

మర్నాడు పొద్దున కెప్టెన్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన బాగా చేశారని అనలేదు. "ఏ ఆసుపత్రి అండి?" అని మాత్రం అడిగారు.

నాలుగోరోజు సాయంత్రం హైటెక్ సిటీ ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉండగా వాట్సాప్‌లో కెప్టెన్ గారి నంబరు నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. కానీ అందులో ఎవరో యువకుడి గొంతు. ఫిలిప్పీన్స్ భాష కాబోలు, ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో నవ్వబోయి, కుట్లు లాగాయేమో, అమ్మో అన్నట్టు ఆగాడు. మళ్లీ మాట్లాడాడు. వెనక స్టీలు గిన్నె చప్పుడు. కాళ్ల కింద ప్లాట్‌ఫాం అదురుతోంది, రైలు వచ్చేస్తోంది. రెండుసార్లు విన్నాను. కళ్లు చెమర్చాయి. కృతజ్ఞతలు చెబుతున్నాడనుకున్నాను.

అంతలో కెప్టెన్ గారి గొంతుతో ఇంకో మెసేజ్.

"ముప్ఫై ఏళ్లు వాళ్లతో కలిసి పనిచేశాను కదండీ, కొంచెం వచ్చు. మీకేదో థాంక్స్ చెబుతున్నాడనుకునేరు. నేను రోజూ ఇంటి నుంచి తెస్తున్న ఇడ్లీలో ఉప్పు లేదట. మీ ఆఫీసుకి కంప్లైంట్ చేస్తున్నాడండి."

రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. బోరబండ దాకా నవ్వుతూనే ఉన్నాను. ఎదురుగా కూర్చున్నావిడ మొదట వింతగా చూసి, తర్వాత తానూ నవ్వింది.